తేరు మీద పూలవాన

హెలికాప్టర్ దిగడానికి సిద్ధం చేసిన చేన్లో నేత్ర అడుగు పెట్టగానే కాలికింద గరగరమంది. ఎర్రమట్టి ఆ చప్పుడు చెయ్యదు. బూటు మొనతో మట్టిని పక్కకు తోసి చూసింది. పైన వేలెడు మందాన మట్టి, దాని కింద వెండిరంగు ప్లాస్టిక్ ఎండకు తళుక్కుమంది.

"ఇదేంది నాయనా?" అని అడిగింది, ఏమిటో తెలిసి కూడా.

"మల్చింగ్ పేపరు," అన్నాడు తండ్రి మునినారాయణ, భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ. "ఐడియా నాదే. దుమ్ము లేవగూడదని మీ ఆఫీసోళ్ళు చెప్పినారంట గదా. ట్యాంకర్లతో కొట్టాలంటే నీళ్ళు యాడుండాయి? బోర్లన్నీ గాలి కక్కతాండాయి. అందుకే చేనంతా పేపరు పరిచి, అంచులు పూడ్చి, పైన మట్టి చల్లించినా. రవ్వంత దుమ్ము లేస్తే నన్నడుగు."

బెంగళూరుకు ఉత్తరాన పేరేసంద్ర చుట్టుపక్కల టమాటా, సేవంతిపూలు వేసే ప్రతి రైతుకూ ఆ పేపరు తెలుసు. మడి మీద పరిచి, అంచులు మట్టిలో పూడ్చి, మొక్కకొక బొక్క కొడితే కలుపు రాదు, తేమ పోదు. ఎంత ఈదురుగాలి వీచినా లేవకుండా పరవడంలో మునినారాయణ చెయ్యి తిరిగినవాడు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా పిలిపించుకుని మరీ పరిపించుకుంటారు. అయితే ఈదురుగాలి పక్కనుంచి వస్తుంది. హెలికాప్టర్ గాలి నెత్తిమీదనుంచి నేలను కొట్టి, నాలుగు దిక్కులా చిమ్మి, మళ్ళీ పైకి లేస్తుంది. ఈ సంగతి తెలుసుకోవాల్సిన అవసరం టమాటా రైతుకు ఎప్పుడూ రాలేదు.

నేత్ర ప్రభుత్వ విమాన భద్రతా శాఖలో ఇన్‌స్పెక్టరు. ఎగిరేది ఎగరడానికి తగినట్టుందా, దిగేచోటు దిగడానికి తగినట్టుందా అని చూసి, బాగుంటే సరేననడం, బాగాలేకపోతే కాదనడం ఆమె పని. సరే అన్న రోజు ఆమె పేరు ఎవరికీ గుర్తుండదు. కాదన్న రోజు మాత్రం ఆమె కులం, వయసు, పొగరు, మొగుడి ఉద్యోగం అన్నీ చర్చకొస్తాయి. ఆమె వద్దనడం వల్ల పడకుండా ఆగిన హెలికాప్టర్‌ని ఎవరైనా ఎట్లా చూపిస్తారు? పడనిదానికి సాక్ష్యం ఉండదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమెకు బాగా ఒంటబట్టిన పాఠం అదొక్కటే.

ఈసారి పంపించింది సొంత ఊరికే. మర్నాడు ఊళ్ళో స్వామి తేరు. తేరు కదిలేటప్పుడు హెలికాప్టర్‌లోంచి పూలు కురిపించాలని పంచాయితీ మాజీ అధ్యక్షుడు తిమ్మరాయప్ప పట్టుబట్టాడు. పోయినేడు సోమేనహళ్ళి వైపు ఒక ఊళ్ళో కురిపించారట, అప్పటినుంచి ఆయనకు నిద్ర కరువైంది. పూలు మునినారాయణ తోటవి. రూపాయి తీసుకోకుండా ఇస్తున్నాడు కాబట్టి, పైనుంచి చల్లే భాగ్యం కూడా ఆయనదే అని తిమ్మరాయప్ప మాటిచ్చాడు. ఆ మాట పేరేసంద్రలో టీకొట్టు మొదలుకొని ఎరువుల అంగడి దాకా మునినారాయణే స్వయంగా మోసుకెళ్ళి చెప్పొచ్చాడు.

"ఇది తీసెయ్యాల నాయనా," అంది నేత్ర. "మొత్తం. తీసేసి నేల బాగా తడపాల. లేకపోతే నేను ఒప్పుకోను."

మునినారాయణ నవ్వాడు, కూతురు ఎగతాళి చేస్తోందనుకుని. ఆమె మొహం చూశాక నవ్వు ఆపేశాడు.

తిమ్మరాయప్ప తెల్ల ప్యాంటు మీద మట్టి పడకుండా జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చాడు. వెనకాల పదిమంది.

"ఏమ్మా నేత్రా, మన బిడ్డే ఆఫీసరై వచ్చిందని మేం సంబరపడతాంటే, నువ్వేందమ్మా తొలిమాటే వద్దంటావు?"

"అప్పా, ఈ ప్లాస్టిక్ లేస్తాది. తోక దగ్గర చిన్న రెక్క తిరగతా ఉంటాది గదా, దానికి చీరకొంగంత ముక్క చుట్టుకున్యా చాలు. బొంగరం మాదిరి తిరిగి కింద పడతాది. పడేది జనం మింద."

"మీ నాయన పరిస్తే లేస్తాదా? తుపానుకే లేవల్యా!"

పదిమందీ తలలూపారు. మునినారాయణ తల దించుకుని చేతిగోళ్ళలో మట్టి తీసుకుంటున్నాడు. నేత్రకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియకుండా. రెండేళ్ళ కిందట ఇంకో రాష్ట్రంలో ఒక పెళ్ళి దగ్గర కూలిన హెలికాప్టర్‌ని ఆమె దగ్గరుండి పరిశీలించింది. తోక రెక్కకు పందిరి టార్పాలిన్ ముక్క చుట్టుకుని ఉంది, ఎవరో పనిగట్టుకుని కట్టినంత గట్టిగా. చనిపోయిన పైలట్ తల్లి వచ్చి, ఆ ముక్కను తన చేతికి ఒకసారి ఇవ్వమని అడిగింది. ఇవ్వడానికి వీల్లేదని చెప్పింది కూడా నేత్రే. ఇదంతా తిమ్మరాయప్పకు చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విని, "పాపం," అని, ఫోన్ తీసి పక్కకు వెళ్ళాడు.

పొద్దు వాలకముందే నేత్ర పైఅధికారి దగ్గరనుంచి ఫోన్ వచ్చింది.

"అది మీ సొంత ఊరటగా? ఎక్కేది మీ నాన్నగారటగా? మరి మీరు దీన్ని చూడకూడదు కదా నేత్రా."

"దారి తెలుసు, మనుషులు తెలుసు, నన్నే వెళ్ళమన్నది మీరే కదా సార్."

"అప్పుడు మీ నాన్నగారి సంగతి నాకు తెలీదు. ఇప్పుడు ఇంకొకరికి అప్పగించాను. ఆయన ఫొటోలు చూశారు. నేల చదునుగా ఉంది. అంచుల మీద ఇసుక మూటలు పెట్టమన్నారు. సరే అన్నారు."

"ఫొటోలో మట్టే కనిపిస్తుంది సార్. కింద ఏముందో కాలు పెడితేనే తెలుస్తుంది."

"మీరు రెస్ట్ తీసుకోండి. సొంతూళ్ళో పండగ, చూసి రండి."

ఫోన్ పెట్టేశాక నేత్ర చాలాసేపు చేనిగట్టు మీదే కూర్చుంది. కాదనే ఒక్క మాటే ఆమె చేతిలో ఉన్న పని. దాన్ని కూడా ఇంత మర్యాదగా లాగేసుకున్నారు. గట్టిగా అరిచి ఉంటే బాగుండేదనిపించింది. తిరిగి అరవడానికైనా వీలుండేది.

ఇంట్లో తల్లి మునిరత్నమ్మ సంగటి పెట్టింది. తండ్రీ కూతుళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు గాని ఎవరి చెయ్యీ కంచంలోకి సరిగా పోలేదు.

"నాయనా, రేపు నువ్వు ఎక్కొద్దు," అంది నేత్ర. "వాళ్ళు ఎగరేసుకుంటే ఎగరేసుకోనీ. నువ్వు మాత్రం వద్దు."

"ఆ పేపరు పరిచింది నేను. నేనే ఎక్కకపోతే నా చేతిమింద నాకే నమ్మకం లేదనుకోరా?"

"అనుకోనీ."

"నీకేం, బెంగళూరుకు ఎల్లిపోతావు. రేపటినుంచి టీకొట్టుకు పొయ్యేది నేను." మునినారాయణ గొంతు పెంచలేదు. అది ఇంకా బాధగా ఉంది. "నా పేపరు తప్పన్నావు, సరే. శాలెలో అయ్యోరు పిల్లోన్ని నిలబెట్టినట్ల ఊరందరి ముందర నిలబెట్టి అంటివే. నా చెవిలో చెప్పింటే నేనే రాత్రికి రాత్రి పీకేస్తా ఉంటి గదా."

నిజమే అనుకుంది నేత్ర, చెవిలో చెప్పి ఉండొచ్చు. చేన్లో అడుగు పెట్టిన క్షణానే తను కూతురు కాకుండా పోయి, ఆఫీసరైంది. ఉద్యోగం అట్లా నేర్పింది. ఇప్పుడు ఆ ఉద్యోగం కూడా చేతిలో లేదు.

"ఇప్పుడైనా పీకెయ్యి నాయనా."

"ఇప్పుడు నేను ముట్టుకుంటే తిమ్మరాయప్ప ఊరుకుంటాడా? పెద్ద ఆఫీసరే సరేనన్యాడంట." కంచం పక్కకు జరిపాడు. "విమానం ఎక్కిస్తా ఎక్కిస్తా అని నువ్వు ఎన్నేండ్లుగా అంటాండావు? విమానాల ఆఫీసరు నాయన బస్సు తప్ప ఇంకోటి ఎక్కలేదని నవ్వతాండారు. ఇప్పుడు స్వామే ఎక్కిస్తాండాడు, నువ్వు దించతావు."

మునిరత్నమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "తినే కాడ ఏం మాటలివి," అని కంచాలు తీసేసింది.

మర్నాడు చేనిచుట్టూ జనం. బాగేపల్లినుంచి, చింతామణినుంచి కూడా వచ్చారు, తేరు కోసం కొందరు, హెలికాప్టర్ కోసం అందరూ. అంచుల మీద ఇసుక మూటలు కొన్ని చోట్ల ఉన్నాయి, చాలా చోట్ల లేవు. తెచ్చినవాటిలో సగం షామియానా గుంజలకు పెట్టేశారట.

హెలికాప్టర్ దిగింది. దుమ్ము నిజంగానే లేవలేదు. మునినారాయణ కళ్ళు కూతురి కోసం వెతికాయి, చూశావా అన్నట్టు. కాని రెక్కలు ఆగేసరికి ఈశాన్యం మూల మట్టి అంతా ఎగిరిపోయి, పేపరు కొస బయటపడి నాలుకలా ఆడుతోంది. నేత్ర పరుగెత్తింది. ఆమెకంటే ముందే తిమ్మరాయప్ప మనుషులు చేరి, దాని మీద మట్టి తోసి కాళ్ళతో తొక్కేశారు. వెనక్కి తిరిగి ఆమెను చూసి నవ్వారు.

ఆమె పైలట్ దగ్గరికి వెళ్ళింది. అంబరీష్ అనే కుర్రవాడు, నల్ల కళ్ళజోడు. తను ఎవరో చెప్పి, నేల కింద ఏముందో చెప్పింది. అతను కళ్ళజోడు తీసి ఆ మూల వైపు చూశాడు. అతనికి అర్థమైంది. అర్థమైనట్టు మొహంలో కనిపించింది కూడా.

"పర్మిషన్ వచ్చేసింది కదా మేడం," అన్నాడు చివరికి. "నేను కాదంటే కంపెనీ రేపు ఇంకొకర్ని పంపిస్తుంది. నేలదగ్గర ఎక్కువసేపు ఆపను. గబుక్కున లేపేస్తాను." మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నాడు.

మునినారాయణ కొత్త పంచె, తెల్ల చొక్కా. సేవంతి గంపలు లోపల పెట్టించి, తలవంచి రెక్కల కిందనుంచి వెళ్ళి ఎక్కాడు. కూర్చున్నాక కిటికీలోంచి చెయ్యి ఊపాడు. మునిరత్నమ్మ దణ్ణం పెట్టింది. నేత్ర చేతులు కట్టుకుని చేనిగట్టు మీద నిలబడింది. ఆమె చుట్టూ నిలబడినవాళ్ళు ఆమెకు వినిపించేట్టుగానే అంటున్నారు, సొంత నాయన ఎక్కుతుంటే ఓర్వలేదని, చదువు ఎక్కువైతే ఇంతేనని. తిమ్మరాయప్ప మైకులో "మన నేత్రమ్మ కొంచెం భయస్తురాలు, మనమే ధైర్యం చెప్పాల," అంటే జనం ఘొల్లున నవ్వారు. ఆమె చెవులు కాలిపోయాయి.

రెక్కలు వేగం అందుకున్నాయి. గాలి నేలను కొట్టింది. హెలికాప్టర్ మోకాలెత్తు లేచింది, మనిషెత్తు లేచింది, అప్పుడు ఈశాన్యం మూల పేపరు బర్రున చిరిగింది. చీరంత పొడుగు ముక్క నేలనుంచి ఊడి, మెలికలు తిరుగుతూ, తోక వైపే లేచింది.

అంతా ఆమె చెప్పినట్టే జరుగుతోంది. అచ్చంగా ఆమె చెప్పినట్టే. నవ్వుతున్న నోళ్ళు ఒక్కసారి మూతపడ్డాయి. మైకు ఆగిపోయింది. ఆ రెక్కల హోరులో నేత్ర గుండెలోంచి ఒక మాట వచ్చింది.

తగులు.

రెప్పపాటే. ఆ రెప్పపాటులో ఆమె భయపడలేదు. నాయన లోపల ఉన్నాడన్నది తెలుసు, పంచె తెలుసు, ఊపిన చెయ్యి తెలుసు. అన్నీ తెలిసే అనుకుంది. తగులు, అప్పుడు తెలుస్తుంది వీళ్ళకి.

తగల్లేదు. మాటిచ్చినట్టే పైలట్ గబుక్కున లేపేశాడు. ముక్క తోక కిందనుంచి జారి, గాలికి కొట్టుకుపోయి, ద్రాక్షతోట కంచెకు చుట్టుకుంది. జనం ఈలలు వేశారు. మైకు మళ్ళీ మొదలైంది. కాసేపటికి తేరు మీద, గొడుగుల మీద, షామియానా మీద, చేనిగట్టు మీద పసుపు పూలు రాలాయి. నేత్ర తల మీద, భుజాల మీద కూడా పడ్డాయి. ఆమె దులుపుకోలేదు. గట్టు మీద కూర్చుండిపోయింది.

రెండోసారి దిగేటప్పుడు ఏమీ కాలేదు. మునినారాయణ దిగి, జనాన్ని తోసుకుంటూ, చిన్నపిల్లాడిలా నేరుగా కూతురి దగ్గరికే వచ్చాడు. రాత్రి మాటలన్నీ మరిచిపోయాడు. తల నిండా సేవంతి రేకులు.

"అంతా కనపడింది నేత్రా! మన తోట, మన ఇల్లు, యాడో జంగమకోటె దాకా! నువ్వు ఈడ నిలబడింది గూడా కనపడింది. చీమంత ఉండావు." నడుముకు చెక్కుకున్న పూలకొమ్మ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నీకని ఒకటి చల్లకుండా దాచిపెట్టినా."

ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఆయన కంగారుపడి ఆమె పక్కనే మట్టిలో, కొత్త పంచెతోనే కూర్చున్నాడు. గరుకు చేత్తో ఆమె వీపు నిమిరాడు.

"శానా భయపడితివా తల్లీ? నాకేమన్నా అవుతాదేమోనని?"

నేత్ర ఆయన మొహంలోకి చూడలేకపోయింది. కంచెకు చుట్టుకున్న వెండిరంగు ముక్క గాలికి ఆడుతోంది. దాన్ని చూస్తూ, అవునని తల ఊపింది.

"పిచ్చిదానా," అన్నాడు మునినారాయణ ప్రేమగా. "నా బిడ్డ నాకోసం ఇట్ల ఏడస్తాంటే నాకేమైతాది?"