నిలబడే పుస్తకం

ప్రెస్సులో అందరూ ఆమెను కొలబద్ద అనేవారు. పుస్తకాలకు పేజీలు కూర్చడం, అట్టల రూపం దిద్దడం ఆమె పని. గీత వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఆ కంటికి దొరికిపోయేది. ఎదురుగా అలా పిలిచినా ఆమె నొచ్చుకునేది కాదు. "బద్ద వంకరైతే గీతలన్నీ వంకరే" అని నవ్వేసేది.

ఆమె వదిన చిన్నపిల్లల బడిలో పెద్ద టీచరు. ఒక సాయంత్రం ఆవిడ ప్రెస్సుకు వచ్చి, కిందటేడు పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టింది.

"యూకేజీ పూర్తిచేసిన పిల్లలకి ఏటా జ్ఞాపకంగా ఇస్తాం. ఈసారి నువ్వు చేసిపెట్టాలమ్మాయ్."

కొలబద్ద తిరగేసింది. ముందు బడి కమిటీవాళ్ళ సందేశాలు. వెనక నల్లగౌన్లు, నల్లటోపీలు వేసుకున్న పిల్లలు, అచ్చుగుద్దినట్టు అందరూ ఒక్కలాగే.

"ఇదెవరి కోసం వదినా?"

"పిల్లల కోసమే."

"వాళ్ళకింకా చదవడం రాదుగా?"

"అమ్మానాన్నలు చదువుతార్లే."

"అయితే ఇది అమ్మానాన్నల పుస్తకం. పిల్లల పుస్తకం నేను చేస్తా చూడు."

ఆడపడుచు ధీమా వదినకు కొత్త కాదు. "కోటలు తర్వాత దాటుదువుగాని, ముందు నమూనా చూపించు" అంది.

వారం తిరక్కుండా నమూనా తయారైంది. పిల్లకో పేజీ, ఆ పేజీలో వాళ్ళు గీసిన బొమ్మ, వాళ్ళు చెప్పిన ముద్దుమాట. కొలబద్ద దాన్ని పట్టుకుని ఛాతీ విరుచుకుని తరగతిలోకి వెళ్ళింది. ఒక్కచోట నిలవని పిల్లవాడొకడున్నాడు, అందరూ బొంగరం అంటారు. వాడు పుస్తకం లాక్కున్నాడు. తన పేజీ వెతుక్కున్నాడు, చూసుకున్నాడు, టప్పున మూసేశాడు.

"అయిపోయింది" అన్నాడు. పుస్తకాన్ని ఇంటికప్పులా నెత్తిన పెట్టుకుని చక్కా పోయాడు. తక్కినవాళ్ళూ అంతే. ఎవరి పేజీ వాళ్ళు చూసుకోవడం, మూసేయడం.

వదిన పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వితే నవ్వు వదినా. అచ్చుకి పోకముందే తెలిసింది, అదే పదివేలు" అంది కొలబద్ద. ఆ పూటంతా అక్కడే ఓ చిన్నకుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది. చేతులు కడుక్కోవడానికి పోయినా, ఆటస్థలానికి పోయినా పిల్లలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని వరుసగా నడుస్తున్నారు. ఎక్కడైనా చెయ్యి జారితే వరుసంతా ఆగిపోతోంది. మళ్ళీ పట్టుకున్నాకే కదులుతోంది.

ప్రెస్సుకు తిరిగొచ్చి తిన్నగా పుస్తకాలు కుట్టి అట్టలు వేసే బైండరు దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, పేజీలు విడివిడిగా వద్దు. ఒకే పొడుగు పట్టీ, మడతలు మడతలుగా. తెరిచి నేలమీద పెడితే నిలబడాలి."

"దళసరి అట్టయితే మడత దగ్గర చిట్లుద్ది. పల్చనైతే కూలబడుద్ది."

"మడత వెనక గుడ్డ అంటిద్దాం."

బైండరు "చూద్దాం" అన్నాడు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే పని అయినట్టే. మొదటిది కూలబడింది. రెండోది నిలబడింది.

ఈసారి గౌన్లూ టోపీలూ లేవు. ఎవరి బట్టల్లో వాళ్ళు, చేతులు పట్టుకుని నడుస్తున్న పిల్లల ఫొటోలు, తల నుంచి కాలిదాకా. పట్టీని తరగతి నేలమీద గుండ్రంగా నిలబెట్టగానే పిల్లలు బోర్లాపడుకుని ఒకరినొకరు చూపించుకోవడం మొదలుపెట్టారు. పేర్లు, కేకలు, కిలకిలలు. బొంగరం కూడా కదలకుండా చూస్తున్నాడు. ఉన్నట్టుండి తలెత్తాడు.

"పిచ్చుకేది?"

పిచ్చుక వాళ్ళతోపాటు చదివిన పిల్ల. తండ్రి ఉద్యోగం మారడంతో సంవత్సరం మధ్యలో ఊరు వదిలి వెళ్ళిపోయింది.

"అది ఇక్కడ పూర్తి చెయ్యలేదు కదరా" అంది వదిన.

"మరి నా చెయ్యి ఎప్పుడూ అదే కదా పట్టుకునేది!"

"అవును టీచర్, వరుసలో అది వీడి వెనకాలే" అని పిల్లలంతా సాక్ష్యానికి దిగారు.

వదిన ఆడపడుచును పక్కకు పిలిచింది. "ఇది పూర్తిచేసినవాళ్ళ పుస్తకమమ్మాయ్. కమిటీవాళ్ళకి నేనేం చెప్పాలి?"

"కలిసి చదివినవాళ్ళ పుస్తకమని చెప్పు. అట్టమీద నేనూ అదే రాస్తా. ఒక్క మడత ఎక్కువవుతుంది, అంతేగా?"

వదిన కాసేపు పిల్లలకేసి చూసింది. "నువ్వు పట్టిన పట్టు విడుస్తావా!" అంటూనే పిచ్చుక వాళ్ళమ్మకు ఫోన్ చేసింది.

రెండు రోజుల్లో ఫొటో వచ్చింది. పిచ్చుక గోడపక్కన నిలబడి, ఎవరో పట్టుకుంటారన్నట్టు చెయ్యి ముందుకు చాచింది. జుట్టు పొట్టిగా కత్తిరించేశారు, ముందుపళ్ళు రెండూ ఊడాయి.

"ఇది పిచ్చుక కాదు!" అన్నాడు బొంగరం. ఫొటోకు ముక్కు ఆనించి ఇంకాస్త చూశాడు. "పిచ్చుకే. పళ్ళు మాత్రం కాదు."

పుస్తకాలు ఇచ్చిన రోజున హాల్లో కుర్చీలన్నీ ఖాళీ అయిపోయాయి. పిల్లలు ఎవరి పుస్తకం వాళ్ళు నేలమీద నిలబెట్టుకుంటే, చూడ్డానికి పెద్దవాళ్ళంతా గొంతుక్కూర్చోవలసి వచ్చింది. కమిటీ పెద్దాయన కూడా ప్యాంటు పైకి లాక్కుని కూర్చున్నాడు. తన సందేశం ఎక్కడని అడగడం మరిచిపోయాడు. కొలబద్ద గుమ్మం దగ్గర నిలబడి తృప్తిగా చూసుకుంది. ఇది బాగుందని ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదనిపించింది ఆమెకు.

పిచ్చుక పుస్తకం పోస్టులో వెళ్ళింది. అందిన రోజునే, వదిన ప్రెస్సులో ఉండగా ఆవిడ ఫోన్ మోగింది.

"పుస్తకం చేసిన ఆంటీకి ఇవ్వండి" అంది పిల్ల. కొలబద్ద ఫోన్ అందుకుంది.

"ఆంటీ, వెనకవైపంతా తెల్లగా ఉంది. మా కొత్త స్కూలువాళ్ళని అక్కడ అంటించుకోవచ్చా?"

"అంటించుకో తల్లీ. ఎంతమంది?"

"చాలామంది!"

"చోటు చాలకపోతే చెప్పు, ఇంకో పట్టీ పంపిస్తా" అంది కొలబద్ద. ఫోన్ పెట్టేసి, గుడ్డ ఎంత మిగిలిందో కనుక్కోవడానికి బైండరు దగ్గరికి నడిచింది.