ఈసారి రంగు బాగా వచ్చింది

మా పుట్టింట్లో మిరపకాయ సాస్‌కి ఒకటే నియమం: చేతులకి తొడుగులు వేసుకోకూడదు. చెయ్యి మండితేనే సాస్ కుదిరినట్టని అమ్మ తీర్పు. అమ్మ పోయింది, మంట మాకు మిగిలింది. ఏటా నేనూ తమ్ముడూ పండు మిరపకాయలు చీల్చి, గింజలు గీకి, వెల్లుల్లితో కలిపి వెనిగర్‌లో ఉడికించి రుబ్బుతాం. ఆ తర్వాత వాడు చేతులు ఊదుకుంటూ వంటింట్లో గెంతుతుంటే మా ఆయన కడుపుబ్బ నవ్వుతాడు.

ఈసారి గెంతలేదు. నా చేతులు కొరివిలా మండుతున్నాయి, వాడేమో తాపీగా గిన్నె కలుపుతున్నాడు.

"ఏరా, చర్మం మందమైందా? పెళ్లాం చేత తిట్లు పడీ పడీనా?" అన్నాను.

మరదలు ఊళ్లో లేదు కాబట్టి అన్నాను. వాడు నవ్వాడు.

మా ఆయన చెంచాడు సాస్ నాలిక మీద వేసుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "అబ్బ, ప్రాణం లేచొచ్చింది. ఈసారి రంగు కూడా బాగా వచ్చిందే." నేనూ నాకి చూశాను. నిజమే, ఎన్నడూ లేనంత ఎరుపు.

తమ్ముడిది క్షౌరశాల. ముందు గదిలో కుర్చీ, అద్దం, వెనక వంటిల్లు. బావకి తన చేత్తో గడ్డం గీస్తే గానీ సాస్ సీసా ఇవ్వనని వాడి పాత పంతం. మా ఆయన ముందు గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. నేను చెక్క పీట కడుగుతున్నాను. తమ్ముడు చేతులు తుడుచుకుంటున్న తెల్ల తువ్వాలు చూశాను. సాస్ మరక అనుకున్నాను. మరక పెద్దదవుతోంది.

వాడి కుడిచెయ్యి లాక్కుని చూశాను. చూపుడువేలు లోతుగా తెగింది. ఆ గాయంలో మిరప గింజ ఒకటి ఇరుక్కుని ఉంది.

"ఏంట్రా ఇది?"

వాడు చూసుకున్నాడు. అప్పుడే తెలిసింది వాడికి. "తెగినట్టుందక్కా."

"మండటం లేదూ?"

వెనిగర్ సీసా ఎత్తి ఆ వేలి మీద పోశాను. రెప్ప కూడా వెయ్యలేదు. సాస్‌కి ఆ ఎరుపు ఎక్కడిదో అప్పుడు తెలిసి, నాలిక కొంగుతో తుడుచుకున్నాను.

"చలికాలం నుంచీ వేళ్లకి స్పర్శ లేదక్కా. కత్తి ఎంత నొక్కుతున్నానో తెలీదు. చూపుతోనే లాగిస్తున్నా. కనీసం మిరపకాయలకైనా మండుతుందేమో అని చూశా." తువ్వాలు వేలికి చుట్టుకుంటూ గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పకు. తెలిస్తే ఆ కుర్చీలో ఇంకెవడూ కూర్చోడు. నా పిల్లలకి అన్నం ఎక్కణ్ణుంచి తేను?"

"ఏరా బావమరిదీ, సబ్బు నేనే రాసుకున్నా. ఆరిపోతోంది, రా," అని ముందు గదిలోంచి కేక.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. చెబితే తమ్ముడి కొంప మునుగుతుంది. చెప్పకపోతే నా మొగుడి గొంతు. వాడు వేలికి పట్టీ చుట్టుకుని, వేడినీళ్లలోంచి కత్తి తీసుకుని వెళ్లాడు. వెనకే వెళ్లాను. మా ఆయన తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, మెడ అప్పగించి కూర్చున్నాడు. పిచ్చి మారాజు.

నా రెండు అరచేతులూ ఆ మెడకి గట్టిగా రుద్దాను.

మిరపకాయ తగిలేసరికి మా ఆయన కుర్చీలోంచి ఎగిరి పడ్డాడు. నా పుట్టింటి వంశాన్నంతా తిట్టుకుంటూ పెరట్లో కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. హమ్మయ్య అనుకున్నాను. గడ్డం రేపు ఇంట్లో గీసుకుంటాడు.

అంతలో తలుపు తోసుకుని పోస్ట్‌మాన్ వచ్చాడు. సంచీ కొక్కేనికి తగిలించి, ఖాళీ అయిన కుర్చీలో కూలబడ్డాడు. "తొందరగా కానివ్వు బాబూ, సాయంత్రం పెళ్లిచూపులకి పోవాలి," అని గడ్డం పైకెత్తాడు.

తమ్ముడు నా వంక చూశాడు.

పోస్ట్‌మాన్ నాకేమీ కాడు. ఆ ఒక్క ముక్కా మనసులో అనుకుని, వంటింట్లోకి వచ్చేశాను. సాస్ తూములో పారబోస్తూ చెవులు రిక్కించాను. బ్రష్షు చప్పుడు. కత్తి గీకుతున్న చప్పుడు, నెమ్మదిగా, చెంప మీద, తర్వాత గడ్డం కింద. పెరట్లో మా ఆయన ఇంకా తిడుతూనే ఉన్నాడు.

గీకుడు ఆగింది.

"అక్కా," అన్నాడు తమ్ముడు, చాలా మెల్లగా. "కాస్త దూది పట్రా."