కారం తినని నాలుక

గాబ్రియేలు గాజు గ్లాసులను మూడోసారి వేడినీళ్లతో కడిగి బోర్లించాడు. గుడ్డతో తుడవలేదు. గుడ్డకున్న జిడ్డు అంటితే నురుగు నిలవదు.

కర్నూలు బయట, కడప రోడ్డు పక్కనున్న చిన్న బీరు ఫ్యాక్టరీలో రుచి చూడటం అతని పని. తొమ్మిదేళ్లుగా పొద్దుటిపూట అతని నోట్లోకి మిరపకాయ పోలేదు. వరమ్మ రోజూ సణుగుతూనే భర్తకు వేరే గిన్నెలో చప్పిడి పెరుగన్నం కలుపుతుంది. గొంతు దిగితేగాని ఘాటు తెలియదు కాబట్టి అతను ఒక గుక్క మింగక తప్పదు. ఆ గుక్క వల్లనే చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం వడ్డించడానికి పెద్దలు అతనిని పిలవడం మానేశారు.

ఈరోజు రుచి చూడవలసింది మూడో ట్యాంకులోని గోధుమ బీరు. మామూలు దానికంటే బాగా ఘాటైనది. నెల రోజులు దానిని కనిపెట్టుకుని ఉన్నాడు. రుచి చూసే ముగ్గురిలో ఇద్దరు బాగాలేదంటే ట్యాంకు మొత్తం కాలువలో పోయాలి. అది యజమాని జయకుమార్ పెట్టిన నియమం.

పది గంటలకు జయకుమార్, అమ్మకాలు చూసే మహానంది కలిసి వచ్చారు. ఇద్దరి వేళ్లకూ నూనె మెరుస్తోంది. గాబ్రియేలు గ్లాసుల్లో బీరు పోశాడు. బియ్యం కడిగిన నీళ్లలా మసకగా ఉంది. తెల్లటి నురుగు చిక్కగా నిలిచింది. వాసన చూశాడు. మాగిన అరటిపండు, వెనకనే లవంగం. గుక్క మింగితే గొంతులో సన్నని వేడి. తొమ్మిదేళ్లలో ఇంత బాగా ఎన్నడూ కుదరలేదు.

"సప్పగా ఉండాది," అన్నాడు మహానంది.

"నాకూ అంతే. లవంగం యాడుండాదప్పా దీంట్లో?" అన్నాడు జయకుమార్.

"పొద్దున ఏం తిన్నారు సార్?"

"బొరుగుల ఉగ్గానీ, మిరపకాయ బజ్జీ. మహానంది తనవి తిని, నా ప్లేట్లోవి కూడా రెండు లాక్కున్న్యాడు."

గాబ్రియేలు కళ్లు మూసుకుని తెరిచాడు. ఎన్నిసార్లు చెప్పాలి వీళ్లకు? "నోరు మండుతాంటే బీరు రుచి ఏం తెలుస్తాది సార్? రేపు పొద్దున ఏమీ తినకుండా రాండి. ఒక్క రోజు ఆగండి."

"ఈయనకు పెరుగన్నం తిని తిని నీళ్లు కూడా ఘాటుగానే ఉంటాయిలే," అని మహానంది నవ్వాడు.

"రేపు కొత్త సరుకు పోయాల. ట్యాంకు కావాల. కాలువలోకి వదిలెయ్యప్పా," అన్నాడు జయకుమార్, ఫోను చూసుకుంటూ.

గాబ్రియేలు ట్యాంకు నుంచి ఒక సీసా నింపుకుని మూత బిగించాడు. తరువాత తనే కొళాయి తిప్పాడు. కాలువ నిండా నురుగు పొంగింది. ట్యాంకు ఖాళీ కావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ అక్కడే నిలబడ్డాడు.

"రేపటి నుంచి రాను సార్."

"సరేలే, రేపు మాట్లాడదాం," అని జయకుమార్ భోజనానికి వెళ్లిపోయాడు.

గాబ్రియేలు రెండు గంటల బస్సెక్కాడు.

జయకుమార్ బల్ల మీద చల్లటి సీసా ఉంది. దాని కింద 'పొద్దున కారం తినకుండా తాగి చూడండి' అని రాసిన కాగితం. సీసాకు పట్టిన చెమట బొట్టుబొట్టుగా జారి, సిరాను నీలంగా చెదరగొడుతోంది.