మేడకు మాఫీ

పత్తిమిల్లు వీధిలో రామసుబ్బమ్మ హోటలుకు వచ్చేవాళ్లు ముందుగా ప్యాంటు మడుచుకుంటారు. ఆ తర్వాత ఆమె వేసిన చెక్కపలక మీద కాలుపెట్టి, పొంగి పారుతున్న మురిక్కాలువ దాటి, లోపలికొచ్చి కారం దోసె చెప్తారు. జమ్మలమడుగు బస్సు దిగి నేరుగా ఈ దోసె కోసమే వచ్చేవాళ్లు ఒకప్పుడు బోలెడుమంది. ఇప్పుడు చాలామంది పలక దాకా వచ్చి, ముక్కు మూసుకొని వెనక్కి పోతున్నారు. రుబ్బిన పిండి మిగిలిపోతోంది. వీధి కొళాయిలో నీళ్లు రాక, పక్కవీధి బోరింగు నుంచి బిందెలు మోసి మోసి ఆమె నడుము పట్టేసింది. భర్త పోయిననాటి నుంచి ఆమెకు అన్నం పెడుతున్నది ఆ పెనమొక్కటే.

"అక్కా, ఈ లెక్కన దోసెలు మానేసి పడవ నడుపుకో" అన్నాడు పక్కంగడి దర్జీ నూర్ అహ్మద్.

"నువ్వు గూడా ఎక్కుదువుగానిలే. నీ మిషను కింద నీళ్లు చూసుకున్యావా?" అన్నది ఆమె. నవ్వడానికి ఇద్దరికీ ఓపిక లేదు.

పాఠకులారా, ఇది వాన తెచ్చిన మురుగు కాదు. ఎదురుగా ఉన్న ఐదంతస్తుల మేడను ఒకసారి చూడండి. కింద అంగళ్లు, పైన లాడ్జి, ఆపైన కల్యాణమండపం. కట్టినవాడు గంగులయ్య. ఆ మేడ కట్టే రోజుల్లో మా వైపు కొత్త మనిషి కనబడితే ఏం పని చేస్తావని అడిగేవాళ్లు కారు, ఎవరి వర్గమని అడిగేవాళ్లు. పత్తిమిల్లు వీధిది గంగులయ్య వర్గం.

గంగులయ్యకు మొదట మూడంతస్తులకే అనుమతి ఉండేది. ఇంకో రెండు కావాలన్నాడు. అప్పటి మున్సిపల్ కమిషనరు కాదనలేదు. "కట్టుకోండి. కాకపోతే పై రెండింటికీ రుసుము చెల్లించాలి. ఆ సొమ్ముతో ఈ వీధికే పెద్ద కాలువ, కొత్త నీళ్ల పైపు వేస్తాం" అన్నాడు. ఇందులో అన్యాయమేముంది చెప్పండి? ఊరు పెట్టే ఒక్క సంతకంతో ఆ స్థలం విలువ అమాంతం పెరిగింది. అందుకు గంగులయ్య చెమటోడ్చింది లేదు. ఆ మేడ తాగే నీళ్లు, వదిలే మురుగు మాత్రం వీధే భరించాలి.

కానీ అప్పటి ఛైర్మను అవతలి వర్గం మనిషి. దాంతో రుసుము కాస్తా కక్ష అయి కూర్చుంది. గంగులయ్య మనుషులు ఇంటింటికీ తిరిగారు.

"మన అన్న మీద పగబట్టి దుడ్లు గుంజుతాండారు. ఊరకుంటే రేపు మనం తలెత్తుకొని తిరగలేం" అన్నారు.

వీధంతా కదిలి మున్సిపల్ ఆఫీసు ముందు ధర్నాకు కూర్చుంది. రామసుబ్బమ్మ తన పొయ్యిని అక్కడికే మోయించి, కూర్చున్నవాళ్లందరికీ పైసా తీసుకోకుండా బొరుగులు నానబెట్టి, తాళింపు వేసి ఉగ్గాని చేసి పెట్టింది. కమిషనరుకు బదిలీ అయింది. రుసుము మాఫీ అయింది. బాంబుల చప్పుడుకు ఉలిక్కిపడే ఆ వీధి ఆ రోజు టపాకాయలు పేల్చుకొని మురిసిపోయింది.

మేడ లేచింది. దాని మోటార్లు తిరిగితే వీధి కొళాయిల్లో గాలి తప్ప ఏమీ రాదు. పాతకాలపు సన్నకాలువ ఐదంతస్తుల మురుగు పట్టలేక పొంగుతోంది. రామసుబ్బమ్మ గంగులయ్య దగ్గరకు పోయి మొరపెట్టుకుంది.

"కాలువ నాది కాదమ్మా, మున్సిపాలిటీది. ఆడికి పో" అన్నాడాయన.

ఆఫీసులో ఇంజనీరు ఓపిగ్గానే విన్నాడు. "కాలువకు ఎస్టిమేటు ఎప్పుడో వేసినామమ్మా. దుడ్లు యాడివి? వచ్చే దుడ్లు మీరే వద్దంటిరి" అన్నాడు. ఆమె ముఖం పరకాయించి చూసి, "ఆ పొద్దు ఉగ్గాని చేసింది నువ్వే కదూ? నేను గూడా తింటి. శానా బాగుండె" అన్నాడు.

ఆమెకు సిగ్గుతో చచ్చినంత పనయింది. తన పొయ్యిలోకి మురుగును తానే పిలుచుకొచ్చానని ఇంటిదాకా ఏడ్చుకుంటూ నడిచింది.

ఇంతలో ఎన్నికలు వచ్చి మున్సిపాలిటీ గంగులయ్య వర్గం చేతికి చిక్కింది. అదే వీధి చివర ఎర్రన్న మేడ మొదలుపెట్టాడు. ఆయన అవతలి వర్గం నాయకుడు. తనకూ రెండంతస్తులు అదనంగా కావాలన్నాడు, గంగులయ్యకు చేసినట్టే తనకూ మాఫీ చేయమన్నాడు. గంగులయ్య మనుషులు మళ్లీ వీధిలోకి వచ్చారు.

"ఎర్రన్నతో రుసుము కట్టించాలని ధర్నా చేస్తాండాం. పొయ్యి ఎత్తుకొని రా అక్కా" అన్నారు.

రామసుబ్బమ్మ వెళ్లింది, పొయ్యి లేకుండా. అందరి మధ్యా లేచి నిలబడింది.

"ఎర్రన్న కట్టాల్సిందే. గంగులన్న గూడా కట్టాల్సిందే" అన్నది.

"నువ్వు ఎవురి తట్టు మాట్లాడతాండావు? వీధిలో అంగడి పెట్టుకోవాలని లేదా?" అని ఒకడు మీదికొచ్చాడు.

ఆమె అతని వైపు తిరిగింది. "నేను కాలువ తట్టు మాట్లాడతాండా. స్థలం వాళ్లదే, నేను కాదనను. ఇంగా పైకి కట్టుకోమని ఊరు కదా చెప్పింది? ఊరికి ఏమిచ్చినారు? మన ఇండ్ల ముందర ఈ గబ్బు తప్ప?"

నూర్ అహ్మద్ మెల్లగా వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఇంకెవరూ లేవలేదు. కొందరు మాత్రం తల దించుకున్నారు.

తర్వాత జరిగింది వింటే మీకు నవ్వు రావచ్చు. పెద్దమనుషులు మధ్యన పడ్డారు. ఊరి ప్రశాంతత కోసమని రెండు వర్గాలూ రాజీకి వచ్చాయి. ఎర్రన్నకూ మాఫీ అయింది. ఎన్నేళ్లుగానో ఒకరి ముఖం ఒకరు చూడని ఆ ఇద్దరూ గంగులయ్య కల్యాణమండపంలో పక్కపక్కన కూర్చొని భోంచేశారు.

మర్నాడు పొద్దున ఆ విందు మెతుకులన్నీ కాలువలో కొట్టుకొచ్చి రామసుబ్బమ్మ పలకకు అడ్డం పడ్డాయి. ఆమె కర్రతో వాటిని తోస్తోంది.

"ఎవురు గెల్చినట్టక్కా?" అనడిగాడు నూర్ అహ్మద్.

"వాళ్లిద్దురూ గెల్చినారప్పా. మనమే వాళ్ల కోసరం కొట్లాడి ఓడిపోతిమి." ఆమె కర్ర పక్కన పెట్టి నడుము పట్టుకుంది. "ఈసారి కాలువ కోసరమే కూర్చుంటా. నువ్వొక్కడివే వచ్చినా సరే, ఉగ్గాని చేస్తా."

పై అంతస్తు వేసుకొనే హక్కును ఇచ్చేది ఊరు. దాని వెల ఊరికే చేరాలని అడగడానికి ఏ వర్గంలోనూ చేరనక్కర్లేదు, ఆ వీధిలో బతుకుతుంటే చాలు.