చుక్కకూర మడి మీద మంచు

పొద్దున్నే వంటింటి కిటికీ తెర పక్కకు లాగిన మహబూబ్బీకి మడి కనిపించలేదు. ప్రహరీ గోడ ఉంది, నీళ్ళ ట్యాంకు ఉంది, బట్టలారేసే తీగ ఉంది. చుక్కకూర మడి ఉండాల్సిన చోట మాత్రం సున్నం పోసినట్టు తెల్లగా ఉంది. "యా అల్లా!" అంటూ చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికి ఉరికింది. కాలు పెట్టగానే మడమ దాకా మంచు.

తొమ్మిదేళ్ళుగా తురైఫ్‌లో ఆ ఇంట్లోనే పని చేస్తోంది. సౌదీకి ఉత్తరపు కొసన ఉన్న ఊరది, చలికి పెట్టింది పేరు. బకెట్లో నీళ్ళు గడ్డకట్టడం ఆమెకు కొత్త కాదు. ఒకటి రెండు చలికాలాల్లో నాలుగు మంచు పలుకులు రాలి నేల తాకేలోపే కరిగిపోయాయి కూడా. కానీ ఇలా పెరడంతా పేరుకోవడం ఎన్నడూ చూడలేదు. పడక పడక ఈ దినమే పడాల్నా!

ఎందుకంటే, రేపటికి ఫర్జానా పోయి నలభై రోజులు.

ఫర్జానా ఆ ఇంట్లో రెండో పనిమనిషి. ఊరు రాయచోటి. మహబూబ్బీది పక్కనే చిన్నమండెం. ఇంటి యజమాని దావూద్ తల్లిని చూసుకోవడం ఫర్జానా పని, వంట మహబూబ్బీ పని. ఇద్దరూ కలిసి పెరట్లో మడి కట్టి, ఊరి నుంచి తెప్పించుకున్న చుక్కకూర విత్తనాలు చల్లారు. మొలకలు బొటనవేలంత ఎదిగాయో లేదో ఫర్జానాకు జ్వరం తగిలింది. ఒక సాయంత్రం మంచం మీద నుంచే అడిగింది.

"అక్కా, నోరంతా చేదుగా ఉండాది. రోంత చుక్కకూర గోష్ చేసిపెట్టవా?"

"ఇంకా లేతగా ఉండాది మే. ఇప్పుడు తుంచితే మడంతా పాడైపోతాది. నీ నాలుక్కి అంత తొందరేంది? వారం దినాలు ఓర్చుకో."

ఫర్జానా నవ్వి అటు తిరిగి పడుకుంది. తెల్లారేసరికి మనిషి లేదు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. అక్కడే ఊరి బయట ఖబరస్తాన్‌లో మట్టి చేశారు. ఆడవాళ్ళు అటు పోకూడదు గనుక మహబూబ్బీ ఆ మట్టిని కూడా చూడలేదు.

రాయచోటి వైపు ముసల్మానుల ఇళ్ళలో మనిషి పోయిన నలభయ్యో దినాన వాళ్ళకు ఇష్టమైన వంట వండి, దాని ముందు ఫాతెహా చదివి నలుగురికీ పెడతారు. ఈ అరబ్బుల దగ్గర ఆ ఆచారం లేదు. పైగా తప్పంటారు. తప్పో ఒప్పో, మహబూబ్బీకి కావలసింది ఒక్కటే: బతికుండగా పెట్టని ఆ కూర రేపైనా పెట్టాలి. అందుకే నలభై రోజులుగా ఒక్క ఆకు తుంచకుండా ఆ మడిని కాపాడుకుంటూ వచ్చింది.

మంచు ఎలా వదిలించాలో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. చిన్నమండెంలో వాళ్ళ నాయనకు టమోటా తోట ఉండేది. చలికాలం మంచు ముసిరిన పొద్దున ఆకు మాడిపోకుండా బోరు మోటారు వేసి తోటంతా కడిగేవాళ్ళు. ఆ వేళకు బోరు నీళ్ళు గోరువెచ్చగా వస్తాయి. ఆమె కూడా పావడా పైకి దోపుకుని ఎన్నిసార్లు పైపు పట్టిందో! ఇంకేం, గీజరు నీళ్ళు బకెట్లకు పట్టింది, చీపురు అందుకుంది.

ఆ ఇంట్లో అప్పటికే పండగ. దావూద్ ఫ్లాస్కుల్లో కాఫీ పోయించుకుని, పెళ్ళాం పిల్లలను కారెక్కించుకుని ఎడారిలో మంచు చూడ్డానికి వెళ్ళిపోయాడు. మిగిలింది మహబూబ్బీ, దావూద్ తల్లి ఉమ్మ్ దావూద్. ఇంటి పెద్దావిడను పనివాళ్ళు "మామా" అని పిలవాలి. మన ఊళ్ళో వింటే పడీ పడీ నవ్వుతారు గానీ అక్కడ అమ్మ అని దాని అర్థం.

నాలుగు వరసలు ఊడ్చి, వెచ్చటి నీళ్ళతో కడిగి ఐదో వరసకు వచ్చేసరికి ఉమ్మ్ దావూద్ చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది.

"ఏం చేస్తున్నావే పిచ్చిదానా?" అంది అరబ్బీలో.

"కడుగుతున్నా మామా. లేకపోతే ఆకు చచ్చిపోతుంది."

"చావదు. ఇది హుమైద్. నా చిన్నప్పుడు మా గుడారాల చుట్టూ దానంతటదే మొలిచేది. మంచు పడితే దాని కింద పడుకుంటుంది. లేపకు దాన్ని."

ఎడారి గడ్డి వేరు, మా కూర వేరు అనుకుంది మహబూబ్బీ. చీపురు ఎత్తింది. పెద్దావిడ ప్లాస్టిక్ స్టూలు ఈడ్చుకొచ్చి, గోడవారన ఉన్న ఆ చివరి వరస ముందు వేసుకుని, కర్ర అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"పొయ్యి! నా మీద పొయ్యి ఆ నీళ్ళు."

"ముసల్దానికి ఎంత మొండితనమో చూడు!" అని తెలుగులో గొణుక్కుంది మహబూబ్బీ. బతిమాలింది, చలికి జబ్బు చేస్తుందని భయపెట్టింది. ఊహూఁ, కదిల్తేగా! చివరికి విసుగొచ్చి, పోయిన వరస పోయిందిలే, మిగతా నాలుగూ దక్కాయి కదా అనుకుని పెద్దావిడకు శాలువా కప్పి లోపలికి తీసుకుపోయింది. ఆ మధ్యాహ్నం ఎండలో కడిగిన ఆకులు పచ్చగా మెరుస్తుంటే చూసుకుని మురిసిపోయింది కూడా.

సాయంత్రానికి మబ్బు పూర్తిగా విచ్చి చలి బిగిసింది. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే కడిగిన నాలుగు వరసల మీదా గాజు పొరలా ఐసు. దాని కింద ఆకులు ఉడికించినట్టు నల్లబడి, వేలితో తాకితే ముద్దగా ఊడి వచ్చాయి. మహబూబ్బీ అక్కడే చతికిలబడింది. ఏడుపు కూడా రాలేదు. ఎంతసేపటికో లేచి, ఐదో వరస దగ్గర మంచును చేత్తో మెల్లగా తోసింది. ఆకులు వాలిపోయి ఉన్నాయి గానీ పచ్చగా ఉన్నాయి. ఒకటి తుంచి నోట్లో పెట్టుకుంది. పుల్లగా తగిలింది.

అంతా కలిపితే దోసెడు ఆకు. నాలుగు మాంసం ముక్కలతో వండింది. దావూద్ ఆఫీసుకు, పిల్లలు బడికి, వాళ్ళమ్మ పుట్టింటికి వెళ్ళాక, వంటింటి తలుపు దగ్గరగా వేసి, పళ్ళెంలో కూర పెట్టి, చేతులెత్తి ఫాతెహా చదివింది. ఫర్జానా పేరు చెప్పి దువా ముగించి కళ్ళు తెరిస్తే, గుమ్మంలో ఉమ్మ్ దావూద్.

"ఫర్జానా కోసమా?"

మహబూబ్బీ తల ఊపింది.

"ఇది మా దగ్గర లేదు."

"తెలుసు మామా." అంతవరకే నిబ్బరం. "నేను పెట్టలేదు మామా! జ్వరంతో పడుకుని అడిగింది. నాలుక్కి తొందరేందన్నా. మడి పాడవుతుందన్నా. మడి! అది పోయింది, మడి మిగిలింది. నిన్న దాన్ని కూడా నా చేతుల్తోనే చంపుకున్నా." నేల మీద కూలబడి నలభై రోజుల ఏడుపూ ఏడ్చింది.

ఉమ్మ్ దావూద్ కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత పళ్ళెం దగ్గరకు జరుపుకుని, రొట్టె తుంచింది.

"తినిందిలే," అంది. "ఆ సాయంత్రం నువ్వు మిద్దె ఊడుస్తుంటే మేమిద్దరం మడి దగ్గరికి పోయాం. లేతాకులు కోసుకుని పచ్చివే తిన్నాం. నీకు తెలిస్తే తిడతావని నవ్వింది."

ఫర్జానా పోయిన ఆ వారమంతా ఉమ్మ్ దావూద్ అరార్‌లో కూతురింట్లో ఉంది. జ్వరంగా ఉందని ఫర్జానాను ఇక్కడే వదిలి వెళ్ళింది. కబురు తెలిసి తిరిగొచ్చినప్పుడు చెయ్యి పట్టి కారు దించింది మహబూబ్బీయే. తమాషాకు అబద్ధమాడినా మనవళ్ళ చేత నోరు కడిగించే మనిషి, ఇప్పుడు తలెత్తకుండా రొట్టెముక్క కూరలో అద్దుకుంటోంది.

మహబూబ్బీ ఆ సంగతి ఎత్తలేదు. తలగుడ్డ అంచుతో ముఖం తుడుచుకుని ఎదురుగా కూర్చుంది.

"ఉప్పు వేసుకుని తిన్నారా మామా?"

"ఉప్పుతోనే," అంది ఉమ్మ్ దావూద్. "నాకంటే అదే ఎక్కువ తినింది."