వంగని మంట

అక్టోబరు రాగానే మా ఫిన్లాండులో పాత ఇళ్లవాళ్లు కిటికీ సందులకు కాగితపు పట్టీలు అంటిస్తారు. నేనూ అంటిస్తాను, కాకపోతే అందరికంటే ఎక్కువ. మా ఆయన ఉర్హో తాతగారు కట్టిన కర్ర ఇల్లు మాది. నాలుగు వైపుల నుంచీ గాలి చొరబడుతుంది. మా అమ్మాయి లెంపికి నాలుగేళ్లు. పోయిన చలికాలమంతా దానికి చెవిపోటు. చెవిపోటు మెదడుకు పాకుతుందని ఎక్కడో విన్నాను. ఎవరన్నారో గుర్తులేదు గానీ, పాకుతుంది.

అందుకని ఈసారి కొవ్వొత్తి పట్టుకుని గదిగదీ తిరిగాను. మంట వంగిన చోటల్లా ఉన్ని కూరి పట్టీ వేశాను. తలుపు కింద దుప్పటి చుట్టి పెట్టాను. చివరికి పొయ్యి పక్క గోడలో అరచేయంత కన్నం మిగిలింది. అందులో ఉర్హో ఉన్ని మేజోడు కుక్కాను.

అత్తగారు సైమి కాఫీ తాగుతూ ఇదంతా చూస్తోంది.

"ఆ కన్నం పొయ్యి కోసం పెట్టించారమ్మాయ్."

"పొయ్యికి చెవిపోటు రాదు కదా అత్తయ్యా."

"అయితే ఊరబెట్టే దోసకాయలతో పాటు మమ్మల్నీ సీసాలో వేసి మూత బిగించు. క్రిస్మస్ దాకా పాడవ్వం."

శనివారం మధ్యాహ్నానికి మంట వంగడం మానేసింది. ఫొటో కోసం నిలబడ్డ పెళ్లికొడుకులా నిటారుగా ఉంది. ఉర్హోని పిలిచి చూపించాను. కొవ్వొత్తి మంచిదే అన్నాడు.

సాయంత్రం అతను పొయ్యి రాజేశాడు. నేను చేపలు వేయించడం మొదలుపెట్టి, ఆ వాసన పిల్ల జుట్టుకు పట్టకుండా వంటింటి ఫ్యాను వేశాను. కాసేపటికి పొగ గొట్టంలోకి పోవడం మానేసి పొయ్యి నోట్లోంచి గదిలోకి రాసాగింది.

"అమ్మా, పొయ్యి సిగరెట్ తాగుతోంది," అంది లెంపి. తర్వాత దగ్గింది.

పొగ బయటికి పోతుందని ఫ్యాను ఇంకా పెంచాను. పొగ రెట్టింపయింది. పొగైతే కనబడుతుంది, అందులో కనబడని విషగాలి ఉంటుందని, మనిషి నిద్రలోనే పోతాడని నాకు తెలుసు. పిల్లను చంకనేసుకుని తలుపు తోశాను. ఇల్లు లోపలికి గుంజి పట్టుకున్నట్టు తలుపు కదల్లేదు. ఉర్హో భుజం పెట్టి తోస్తే తెరుచుకుంది.

లెంపిని దుప్పట్లో చుట్టి మెట్ల మీద కూర్చోబెట్టాను. గాలి నేరుగా దాని చెవుల్లోకి కొడుతోంది. ఏడాదంతా నేను భయపడింది ఆ గాలికే. అయినా పిల్ల బాగానే ఊపిరి తీస్తోంది.

"ఫ్యాను," అంది లోపల్నుంచి అత్తగారు. ఉర్హో ఆపాడు. "మేజోడు," అంది. అది నేనే వెళ్లి పీకాను. కన్నంలోంచి చల్లగాలి చేతికి తగిలింది. ఫ్యాను లాగే గాలికి ఇంట్లోకి వేరే దారి లేక, ఇందాకంతా గొట్టంలోంచే దిగిందన్నమాట. కాసేపటికి పొగ దారి మార్చుకుని గొట్టంలోకి పోయింది. ఉర్హో మేజోడు వాసన చూసి తొడుక్కున్నాడు.

చెవులకైతే టోపీ అల్లగలను. ఊపిరికి ఏం అల్లను? పిల్ల మంచం ఆ కన్నానికి దూరంగా అవతలి గోడకు జరిపాను. చెవులు మూసే టోపీ మొదలుపెట్టాను.

ఇప్పుడు కూడా పొయ్యి వెలిగించినప్పుడల్లా ఆ కన్నం దగ్గర కొవ్వొత్తి పట్టుకుని నిలబడతాను. మంట పొయ్యి వైపు వంగేదాకా కదలను.

"ఏమంటోంది?" అన్నాడు నిన్న ఉర్హో.

"వంగుతోంది."

"మంచిదేనా?"

"ఇప్పటికి," అన్నాను.