బోర్డు మీద సొరకాయ

యాలాల్ దాటాక వచ్చే ఒక ఊరి బడిలో పద్మారాణి ఒక్కతే టీచరు. తాండూరులో గది అద్దెకు తీసుకుని ఉంటుంది. ఉదయం బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో వెళ్తుంది. ఒకటి, రెండు తరగతుల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి చదవడం నేర్పుతుంది.

ఏ పిల్ల అక్షరాలు చదువుతోందో, ఏ పిల్ల బొమ్మ చూసి చెబుతోందో తెలుసుకోవడానికి ఆమెకు ఒక పద్ధతి ఉంది. వాచకంలో ఒకచోట సొరకాయ బొమ్మ, కింద ఆ పేరు ఉంటాయి. ఈ ఊళ్లో ఆ కాయను ఎవరూ సొరకాయ అనరు. ఆనిగెపుకాయ అంటారు. చదవడం రాని పిల్లలు బొమ్మ చూసి ఆనిగెపుకాయ అంటారు. వచ్చినవాళ్లు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ సొరకాయ అంటారు.

రెండో తరగతి పూజిత ఎప్పుడు అడిగినా ఆనిగెపుకాయ అనేది.

పూజిత తల్లిదండ్రులు దీపావళి తర్వాత గొర్లను తోలుకుని సేడం వైపు వెళ్లారు. మళ్లీ వానలు పడితేనే వస్తారు. పూజిత నాయనమ్మ బుగ్గమ్మ దగ్గర ఉంటుంది. బుగ్గమ్మకు చెవులు వినబడవు. ఆ ఇంట్లో మాట్లాడుకోవడం తక్కువ. బడి వదిలాక పూజిత అరుగు మీద కూర్చుంటుంది. పద్మారాణి ఎక్కిన బస్సు ఆ అరుగు ముందు నుంచే పోతుంది. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది. పూజిత ఊపదు. బస్సు ముందు బోర్డు మీద రాసిన ఊరి పేరు వైపు చూస్తూ ఉంటుంది.

ఒకరోజు మధ్యాహ్నం పిల్లలు కంచాలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. గోడకున్న బోర్డు మీద ఆ రోజు కూర పేరు పద్మారాణి రాసి ఉంచింది. ఒకటో తరగతి ఆఫియా పూజిత వెనక ఉంది.

"అక్కా, ఇయ్యాల ఏం కూర?"

"సొరకాయ పప్పు."

వంటచేసే మల్లీశ్వరి గరిటె ఆపి నవ్వింది. "సొరకాయనా? ఏ పట్నంనుంచి దిగినవే? మీ అవ్వ ఇంట్ల గట్లనే అంటదా? ఆనిగెపుకాయ అనరాదు."

"కద్దూనా?" అంది ఆఫియా. వాళ్లింట్లో ఆ కాయను అట్లే అంటారు. "నాకు జరంత చాలు."

పద్మారాణి బోర్డు వైపు చూసింది. దాని మీద బొమ్మ లేదు.

తిన్నాక పూజితను గదిలోకి పిలిచింది.

"సొరకాయ అని నీకెవరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే."

"మరి?"

పూజిత గౌను అంచు నోట్లో పెట్టుకుంది. తీసి, "మా నాయినకు చెప్పకున్రి మేడం," అంది.

"ఎందుకు?"

"సదువు రాకుంటె గొర్లెంబడి తోల్కపోత అన్నడు. వస్తె ఈడనే ఉండాలె."

"నీకు ఎప్పటిసంది వస్తది?"

"సంక్రాంతి సెలవులప్పటిసంది. అవ్వ పడుకుంటది గదా, పుస్తకం సూస్కుంట కూసుంటి."

పద్మారాణి చెబుతాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. సాయంత్రం బస్సులో ఆలోచించింది. చదవడం వచ్చిన పిల్లకు రాదని చెప్పడం ఆమె వల్ల కాదు. పూజిత తండ్రి నర్సప్ప వచ్చినప్పుడు ఉన్నది చెప్పేద్దామనుకుంది. బస్సు అరుగు ముందుకు వచ్చినప్పుడు పూజిత మొదటిసారి చెయ్యి ఊపింది.

గొర్లకు మందులు కొనడానికి నర్సప్ప ఒక్కడే మధ్యలో తాండూరు వచ్చి, అటునుంచి బడికి వచ్చాడు. గొంగడి భుజాన ఉంది. చెప్పులు గుమ్మం బయట విడిచాడు.

"మా బిడ్డకు సదువొచ్చిందా మేడం?"

పద్మారాణి నోరు తెరిచేలోపు పూజిత వాచకం విప్పి తండ్రి ముందు పెట్టింది. బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఆనిగెపుకాయ," అంది. తర్వాత బెంచీ కిందినుంచి, ఎప్పుడు తెచ్చి పెట్టుకుందో, ఒక మూట తీసింది. అందులో బట్టలు ఉన్నాయి. "నాకు సదువు రాదు నాయినా. పోదాం పా."

"ఏడికి?"

"గొర్లకాడికి. నువ్వే అన్నవ్ గదా."

నర్సప్ప మూట వైపు చూశాడు. కింద కూర్చుని దాన్ని తన ఒళ్లోకి తీసుకున్నాడు.

"గా మాట బెదిరియ్యనీకి అన్న బిడ్డా. నిన్నెట్ల తోల్కపోత? ఆడ ఇల్లు లేదు, ఏం లేదు. ఒక్కో రాత్రి ఒక్కో చేన్ల పండుకుంటం."

"నాకు ఇల్లొద్దు."

అతను పద్మారాణి వైపు తిరిగి, "జర మీరన్న చెప్పున్రి మేడం. సదువు రాకున్న ఏం చెయ్యకున్రి. కొట్టకున్రి," అన్నాడు.

"ఆమెకు చదువొచ్చింది," అంది పద్మారాణి.

నర్సప్ప కూతురి వైపు చూశాడు. పూజిత కిటికీ వైపు చూస్తోంది. రోడ్డు మీద హారన్ వినబడింది. అతను మూటను బెంచీ మీద పెట్టాడు. కూతురి తల మీద చెయ్యి వేసి బయటికి నడిచాడు. చెప్పులు చేత్తో పట్టుకుని బస్సు వెంట పరుగెత్తాడు.

బస్సు చప్పుడు దూరమైంది. పద్మారాణి ఏ పాఠం చెప్పాలో తోచక నల్లబల్ల తుడిచింది.

వెనక నుంచి చదవడం వినబడింది. పూజిత నిలబడి వాచకం చదువుతోంది. వేలు పెట్టడం లేదు, తడుముకోవడం లేదు. సొరకాయ అని వచ్చినచోట సొరకాయ అనే చదివింది. ఆఫియా నోరు తెరుచుకుని వింటోంది.

పాఠం అయిపోయింది. పూజిత పేజీ తిప్పి, ఇంకా చెప్పని పాఠం మొదలుపెట్టింది. చాలని పద్మారాణి అనలేదు.